ఆ రోజు మోగలేదు

ఆ రోజు సైరన్ మోగలేదు. తర్వాత ఏటా మోగించారు. నా భార్యను చంపింది మొదటిది. ఆమెను తెలివితక్కువదాన్ని చేసింది రెండోది. మొదటిదానికి విచారణ జరిగింది. రెండోదానికి చప్పట్లు కొట్టారు.

మా ఊరి చివర అణువిద్యుత్ ప్లాంటు ఉండేది. దాని గేటు పక్కన ఇనుప స్తంభం, స్తంభం మీద సైరన్. పనిచేస్తోందో లేదో చూడటానికి సోమవారం సోమవారం పొద్దున దాన్ని ఒకసారి మోగించేవాళ్లు. ఊరంతా ఆ కూతకు గడియారాలు సరిచేసుకునేది. నా భార్య ఆ కూత వినగానే నానబెట్టిన దుప్పట్లు ఉతకడం మొదలుపెట్టేది. ప్లాంటు గెస్ట్‌హౌస్ దుప్పట్లు ఉతకడం ఆమె పని. ఉతికినవి మా మేడ మీద ఆరేసేది. నేను నీళ్ల పంపులు బాగుచేసేవాణ్ని. పగలు ఇంటి పట్టున ఉండేవాణ్ని కాదు.

"ఆ సైరన్‌కున్న గొంతు మీకుంటే పెళ్లికి ముందే పారిపోయేదాన్ని" అనేది.

"ఇప్పుడు పారిపో, ఎవరొద్దన్నారు?"

"ఈ దుప్పట్లు ఎవరు ఉతుకుతారు, మీరా?"

ప్లాంటు వాళ్లు అప్పుడప్పుడూ ఊళ్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి పాఠం చెప్పేవాళ్లు. సైరన్ మోగితే ఇంట్లోకి వెళ్లి తలుపులు, కిటికీలు మూసుకోండి. మోగకపోతే భయం లేదు, మీ పని మీరు చేసుకోండి. నా భార్య బడికి పోయింది తక్కువ. విన్నది మాత్రం మరిచిపోయేది కాదు. ఆ పాఠం ఆమెకు నోటికి వచ్చు.

ప్రమాదం జరిగిన రోజు గాలి ఎక్కువ. బట్టలు ఆరడానికి మంచి రోజు. పక్కింటావిడ తన మేడ మీద నుంచి పిలిచిందట.

"వదినా, అటు చూడు. ఏదో పేలినట్టుంది. ఆ పొగ చూడు."

"సైరన్ మోగలేదుగా! మోగితే చూద్దాంలే. ఈ గాలి మళ్లీ దొరకదు."

పక్కింటావిడ పిరికిది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. బతికే ఉంది. నా భార్య సాయంత్రం దాకా మేడ మీదే ఉంది. దుప్పట్ల మీద సన్నటి బూడిద పడితే దులిపి, మళ్లీ ఆరేసింది.

సైరన్ మోగించాలంటే పైనుంచి మాట రావాలి. ఆ మాట కోసం డ్యూటీలో ఉన్నవాడు మీట మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. వచ్చేసరికి పొద్దుగూకింది. ఇప్పుడు మోగిస్తే ఇంతసేపూ ఏం చేశారని జనం అడుగుతారని మానుకున్నారు. విచారణ సంఘం ఇదంతా రాసింది. ఆ పుస్తకం ఎవరూ చదవలేదు. సైరన్ అందరూ విన్నారు.

కొన్నేళ్లకు ఆమె రక్తం చెడిపోయి చనిపోయింది. ఆ ఆస్పత్రి రోజుల గురించి రాయను.

ప్లాంటు మూతపడ్డాక గేటు ముందు స్థలాన్ని స్మారకం చేశారు. నగరం నుంచి ఒక కళాకారిణి వచ్చింది. తుప్పు పట్టిన సైరన్‌ను దింపించి, బాగుచేయించి, దాని గొంతు మార్పించింది. ఇదివరకు అది గాడిద ఓండ్రపెట్టినట్టు ఉండేది. ఆమె మార్పించాక ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టు సన్నగా మొదలై, పెరిగి, ఉన్నట్టుండి తెగిపోయేది. ప్రమాదం జరిగిన తేదీన, జరిగిన వేళకే మోగించేవాళ్లు. జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, విని, ఏడ్చేవాళ్లు. ప్రమాదంలో పోయినవాళ్ల ఇంటి మనిషి ఒకరు ఏటా మీట నొక్కాలి. అది గౌరవమట.

నేను ఆ వైపు వెళ్లేవాణ్ని కాదు. నా మనవరాలు బడి పిల్లలతో వెళ్లేది. ఒకరోజు బొమ్మ గీసి బహుమతి తెచ్చుకుంది. నా కూతురు మురిసిపోయి దాన్ని గోడకు అంటించింది. స్తంభం మీద సైరన్, దాన్నుంచి ఎర్ర గీతలు. జనం ఇళ్లలోకి పరుగెడుతున్నారు. మేడ మీద ఒక్క ఆడమనిషి దుప్పట్లు ఆరేస్తోంది. గుండ్రటి మొహం. చెవులు లేవు.

"ఇదెవరే?"

"అమ్మమ్మ."

"చెవులేవి?"

"అంత గట్టిగా మోగినా వినలేదు కదా తాతయ్యా! అందరూ లోపలికి పోయారు. అమ్మమ్మే పోలేదు."

"ఆ రోజు అది మోగలేదే."

"ప్రతి ఏడూ మోగుతుందిగా! నేనే విన్నా."

నా కూతురు వంటగదిలోంచి వచ్చింది. "చిన్నపిల్ల నాన్నా, దానికేం తెలుసు? వదిలెయ్."

"నువ్వు చెప్పలేదా?"

"ఏం చెప్పను? ఆ మాటెత్తితే నువ్వు అన్నం మానేసి గోడకేసి తిరిగి పడుకుంటావు."

నిజమే. మర్నాడు కళాకారిణి దగ్గరికి వెళ్లాను. నగరంలో పాత బస్సుల షెడ్డులో ఆమె పని చేసుకుంటోంది. చేతులు తుడుచుకుని కుర్చీ వేసింది. మర్యాద తెలిసిన మనిషే.

"మోగించే ముందు ఒక మాట చెప్పించండమ్మా. ఆ రోజు ఇది మోగలేదని."

"గోడ మీద రాయించామండీ."

"చూసొచ్చాను. చీమ తలకాయంత అక్షరాలు."

నవ్వబోయి ఆగింది. "పెద్దాయనా, మాటలు చెబితే బుర్రకెక్కుతాయి. కూత అయితే గుండెకు తగులుతుంది. మనుషులకు గుర్తుండేది అదే."

"నా భార్యకు చెవికి తగిలి ఉంటే చాలేదమ్మా. గుండె దాకా అక్కర్లేదు."

ఆమె చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది. తర్వాత "ఈ ఏడు మీట మీరే నొక్కండి" అంది. జాలిపడి అందో, నా నోరు మూయించడానికి అందో తెలియదు. సరేనన్నాను.

మీట నొక్కే రోజు కూతుర్నీ మనవరాలినీ ముందు వరసలో నిలబెట్టాను. వేళ అయింది. అందరూ తలలు వంచారు. నేను వేదికెక్కి, మైకు పక్కనున్న మీట మీద చెయ్యి పెట్టాను. నొక్కలేదు.

కాసేపు వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కరే తలెత్తి స్తంభం వైపు చూశారు. "కరెంటు పోయిందా?" అన్నారెవరో. ఎలక్ట్రీషియన్ పరుగెత్తుకొచ్చాడు.

"గట్టిగా నొక్కండి సార్, కాస్త బిగుసుకుంటుంది."

"మీట బాగానే ఉంది. నేనే నొక్కలేదు."

అది మైకులో పడింది. ఎలాగూ పడింది కదా అని మిగతాదీ చెప్పాను.

"ఆ రోజు ఇంతే. ఇలాగే ఉంది. మీరు ఎలా ఎదురుచూస్తున్నారో నా భార్యా అలాగే ఎదురుచూసింది. మోగితే లోపలికి పోయేది."

"అవును! ఇంతే! పక్క మేడ మీద నేనున్నా!" అని వెనక నుంచి పక్కింటావిడ అరిచింది. ఆవిడ గొంతు సైరన్‌కేం తీసిపోదు. నేను దిగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మనవరాలు గోడ మీది బొమ్మ పీకి, రబ్బరు పట్టుకుంది. ఎర్ర గీతలు చెరగలేదు, కాగితం చిరిగింది. కొత్త కాగితం తీసుకుంది. ఈసారి గీతలు లేవు, పరుగులు లేవు. అందరూ వీధిలో ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. మేడ మీద వాళ్ల అమ్మమ్మ. కప్పు పిడుల్లాంటి చెవులు.

"మరీ అంత పెద్దవా?"

"వింటోంది తాతయ్యా. మోగుతుందేమోనని."

మర్నాడు కళాకారిణి మా ఇంటికి వచ్చింది. రాత్రి నిద్రపోయినట్టు లేదు, కానీ మొహం వెలిగిపోతోంది.

"నిన్నటి ఆ నిశ్శబ్దం... నేను ఇన్నేళ్లు వెతికింది అదేనండీ. ఇకమీదట మోగించం. ఏటా ఒకరు మీట మీద చెయ్యి పెట్టి, నొక్కకుండా నిలబడతారు."

"ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడు చేసింది అదేగా అమ్మా. చెయ్యి పెట్టి నిలబడ్డాడు."

ఆమె మొహంలో వెలుగు పోయింది. "మరి ఏం చేయమంటారు?"

"నన్నడగొద్దు."

లేవబోతూ గోడ మీది కొత్త బొమ్మ చూసింది. దగ్గరికెళ్లి చెవుల మీద వేలు పెట్టబోయి, వెనక్కి తీసుకుంది. "ఇది ఇస్తారా? స్మారకంలో పెడతాం. భద్రంగా చూసుకుంటాం."

"ఇవ్వను."

"నాన్నా, అంత దూరం నుంచి వచ్చి అడుగుతుంటే..." అంది నా కూతురు.

"ఇవ్వనన్నాను."

ఏడాది తిరిగింది, ఈసారి సైరన్ మోగించలేదు. నిశ్శబ్దంగా నిలబడ్డారు. జనం ఇంకా ఎక్కువ వచ్చారట, ఇంకా ఎక్కువ ఏడ్చారట. నేను వెళ్లలేదు. పొరుగూళ్లో పంపు చెడిపోతే బాగుచేయడానికి పోయాను.

బొమ్మ మా వంటగది గోడ మీద ఉంది. మనవరాలికి తెలిసింది, అది చాలు. మిగతాది ఇక్కడ రాశాను. ఇక ఎవరొచ్చి అడిగినా ఈ మాట నా నోట రాదు.