కూసోనియ్యని గోలీ

"మా అబ్బాను గిట్ల జేసింది ముసలితనం గాదు డాక్టర్‌సాబ్! మీరిచ్చిన గోలీ!"

ఖాతూన్ గొంతు పరదా దాటి వరండాలోకి పడింది. అక్కడ చీటీలు పట్టుకుని కూర్చున్నవాళ్లంతా నోరు మూశారు. ఒక్క చెప్పుల చప్పుడు మాత్రం ఆగలేదు. అది ఆమె తండ్రి గులాం నబీది. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు, గంట నుంచీ నడుస్తూనే ఉన్నాడు.

రామచంద్రం డాక్టరు హైదరాబాదు పిచ్చాసుపత్రికి ఉత్తరం రాస్తున్నాడు. సగం అయింది. అది పూర్తయితే రేపటి బస్సుకు ముసలాయన్ను ఎక్కించాలి. ఖాతూన్ ఆ కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"చెయ్యి తియ్యమ్మా. నీకేం తెలుసు? ఆ రోగం గట్లనే ముదురుతది."

"గోలీల సంగతి తెల్వదు. మా అబ్బా సంగతి తెలుసు."

చిట్యాలలో ఆయన సంగతి తెలియనిదెవరికి? నలభై ఏళ్లుగా ఊళ్లో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసిన చేతులవి. కొలిమి ముందు గొంతుకూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాదు. రెండేళ్ల కింద మతిమరుపు పట్టుకుంది. బిడ్డ పేరు పోయింది. చచ్చిపోయిన భార్యను అన్నం పెట్టమని పిలిచేవాడు. చేతులు మాత్రం దేన్నీ మరవలేదు. గిన్నె కాగగానే నవాసాగరం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే అందులో మన మొహం మనకు కనబడాల్సిందే.

ఒకనాడు తిత్తి భుజాన వేసుకుని "కళాయీ!" అని కేకేస్తూ బెజవాడ రోడ్డెక్కాడు. లారీ వెంట్రుకవాసిలో తప్పింది. భయపడి ఇక్కడికి తెచ్చింది ఖాతూనే. డాక్టరు ఎక్కువ అడగలేదు. "నిమ్మళంగుంటడు" అని పూటకొక గోలీ రాసిచ్చాడు.

నిమ్మళమట! పది రోజులు తిరగకముందే కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే నడిచేవాడు. "కాళ్లల్ల చీమలు పారుతున్నయి బేటీ" అని ఏడ్చేవాడు. ఎందుకో తెలియని భయం. చాయ్ కప్పు పట్టుకుంటే సగం అంగీ మీదే. నమాజులో నుదురు నేలకాన్చి సజ్దా చేసి కూర్చోవాల్సిన చోట కూర్చోలేక మధ్యలోనే లేచి వెళ్లిపోయేవాడు. రోగం ముదిరిందన్నాడు డాక్టరు. గోలీ బలం పెంచాడు.

అంతలో రంజాన్ వచ్చింది. ముసలితనం, పైగా రోగం, నీకు రోజా మాఫ్ అన్నారు మసీదు పెద్దలు. వింటేనా? కన్నబిడ్డ పేరు మరిచినవాడు ఉపవాసం మరవలేదు. పొద్దున గోలీ నోటికందిస్తే పళ్లు బిగించాడు. "రోజాల ఉన్న! దూరం పెట్టు!" మధ్యాహ్నమూ అదే మాట. సాయంత్రం ఖర్జూరం తిన్నాక మింగింది ఒక్కటే. మందు తప్పితే మళ్లీ రోడ్డెక్కుతాడని ఖాతూన్ తలుపుకు గడియ పెట్టి కాపలా కూర్చుంది.

పన్నెండో రోజున నమాజు చివరిదాకా కూర్చున్నాడు. ఇంకో వారానికి పక్కింటి హనుమమ్మ నల్లబడ్డ గిన్నె పట్టుకొచ్చింది. "నబీ మామా, చేత్తవా, చేతగాదా?" అని ఎగతాళి చేసింది. ఆయన కొలిమి ముందు కూర్చుని తళతళలాడించి ఇచ్చాడు.

పండుగ వెళ్లింది. ఇన్నాళ్లూ మందు తప్పించానన్న తప్పు దిద్దుకుందామని ఖాతూన్ మళ్లీ మూడు పూటలా వేసింది. అయిదో రోజుకు చీమలు తిరిగొచ్చాయి. ఆమెకు అప్పుడు తెలిసింది.

"రంజాన్ల ఒక్కటేస్తే కూసున్నడు. మూడేస్తే లేసిండు. నా చేత్తోని నేనే ఏసిన సార్, ఇంకేం సాక్ష్యం గావాలె?"

"మరి మతిమరుపు తగ్గిందా?"

"తగ్గలే. నన్ను జూసి మా అమ్మ పేరు పెట్టి పిలుస్తడు. పిలువనియ్యి, పలుకుత. రోడ్డెక్కకుంట నేను జూసుకుంట. మతి ఎట్లాగో పాయె, కూసునే సుఖం గూడ గుంజుకుంటరా?"

వాళ్లకు తోడొచ్చిన హనుమమ్మ పరదా పక్కకు జరిపి తల లోపలికి పెట్టింది. "గా గిన్నె తెమ్మంటవా డాక్టరూ? నీ మొహం గూడ సక్కగ గనబడ్తది!"

వరండా ఘొల్లుమంది. రామచంద్రం నవ్వలేదు. సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు ఆపాడు. అక్కడున్నది పైకి చదివాడు. "వణుకు, భయం, ఒక్కతాన నిలువలేకపోవుడు... రాసే ఉన్నది. ముందే చెప్తే మీరు మందు ఎయ్యరని..."

"చెప్తే ఎప్పుడో పట్టుకుందుము!" ఖాతూన్ చెయ్యి కదల్లేదు. "ముందు గీ ఉత్తరం చింపుండ్రి. గోలీ ఎన్ని రోజులల్ల ఎంతెంత తగ్గియ్యాలెనో రాయుండ్రి. దాంతోని ఏమేమైతదో తెలుగుల రాయుండ్రి, నేను సదువుకుంట. బయట కూసున్నోళ్ల చీటీల మీద గూడ రాయాలె. రేపు గాదు, ఇప్పుడు. మా అబ్బా నడిశి నడిశి అలిసిండు. కలం పట్టుండ్రి."