పోస్టర్ మీద చెయ్యి

"ఆ మేకు అక్కడ కొట్టావంటే సాయంత్రం వంట నువ్వే చేసుకోవాలి, ముందే చెబుతున్నా," అంది నోరీన్ మొగుడితో.

డారెల్ నోట్లో మేకులున్నాయి. స్టూలెక్కి, ముందు గదిలో సోఫా పైన గోడకి తగిలించి ఉన్న ప్రభువు రాత్రి భోజనం పటాన్ని అప్పటికే దించేశాడు. అది అతని తల్లిది. ఆవిడ పోయాక కూడా ఆ పటం అక్కడినుంచి కదల్లేదు. దాని కింద గోడ మాత్రం కొత్త రంగు వేసినట్టు తెల్లగా ఉంది.

మేకులు చేతిలోకి ఉమ్ముకుని, "మా అమ్మ బతికుంటే తనే దించి ఇచ్చేది. మనవడి కంటే ఎక్కువా ఆవిడకి?" అన్నాడు.

"బతికుంటే ముందు నీ చెవి మెలేసేది," అన్నాడు మూల కుర్చీలోంచి స్టాన్, డారెల్ తండ్రి. "పన్నెండుగురు అపొస్తలుల్ని కింద పడేసి అక్కడ ఎవర్ని నిలబెడుతున్నావురా?"

"మన టానర్ని, నాన్నా."

"సరే అయితే. కాస్త ఎడమకి జరుపు."

"మీరిద్దరూ ఒక్కటే," అంది నోరీన్. కూతురు కెల్సీ మెట్లమీద కూర్చుని గోళ్ళకి రంగు వేసుకుంటూ, "బాత్రూంలో పెట్టండి. వచ్చినవాళ్ళందరూ తీరిగ్గా చూస్తారు," అంది.

డారెల్ గోడకి కొట్టబోతున్న ఆ పోస్టరు నెల నుంచి ఊరంతా ఉంది. కార్వర్స్ బెండ్‌లో మంగలి కొట్టు అద్దానికీ, బ్యాంకు తలుపుకీ, చర్చి నోటీసు బోర్డుకీ అదే. ఫ్లడ్‌లైట్ల కింద పొగమంచు. వెనకనుంచి తీసిన ఫోటో. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆట మొదలయ్యే గీత వైపు నడుస్తున్నారు. ఒకడు నోరీన్ కొడుకు టానర్, బంతిని కాళ్ళ మధ్యనుంచి వెనక్కి అందించే సెంటర్. రెండోవాడు వాడి పక్కనే నిలబడి ఆడే ఓవెన్ పెట్రాక్. కింద సినిమా పేరు: 'ఒక్కటిగా'. కిందటి శరదృతువంతా కెమెరాలవాళ్ళు హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వెంట తిరిగారు. జట్టు పెన్సిల్వేనియా రాష్ట్ర ఛాంపియన్ అయింది. నోరీన్‌కి పెళ్ళి కాకముందెప్పుడో ఒకసారి గెలిచారు, మళ్ళీ ఇప్పుడే. ఆ మధ్యాహ్నం హైస్కూల్ జిమ్‌లో సినిమా వేస్తున్నారు. సోమవారం నుంచి కొత్త సీజన్‌కి సాధన మొదలు. టానర్‌కి ఇది ఆఖరి ఏడు.

టానర్ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఫ్రిజ్ తలుపు తెరుస్తాడు, మూస్తాడు. వాకిట్లోకి వెళ్తాడు, వస్తాడు.

"ఫైనల్ మొత్తం చూపిస్తారంటావా అమ్మా? లేక ముక్కలు ముక్కలుగానా?"

"నువ్వు ఆడిన ఆటేగా! కొత్తగా చూసేదేముంది?"

"ఊరికే అడిగా," అన్నాడు వాడు. మళ్ళీ ఫ్రిజ్ తలుపు తెరిచాడు.

జిమ్ ఉడికిపోతోంది. మడత కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. మొదటి సగం నవ్వులే నవ్వులు. నోరీన్ వంటింట్లో పాత గౌనుతో గుడ్లు వేయిస్తూ, కెమెరా వైపు చూడకుండా "ఈ కెమెరా ఆయన పక్కకి తప్పుకుంటే నేను ఉప్పు అందుకుంటా," అన్న చోట అందరూ చప్పట్లు కొట్టారు. డారెల్ ఆమె మోకాలి మీద తట్టాడు. "స్టార్‌వి అయిపోయావు పో."

తర్వాత ఫైనల్ వచ్చింది.

ఆట మూడో భాగంలో టానర్ తలకి తగిలిన దెబ్బ ఒక్క క్షణం కనిపించి పోయింది. జనం "అబ్బా!" అన్నారు, గర్వంగా. వాడు లేచి నిలబడ్డాడు. ఇక మ్యాచ్‌లో ఆఖరి ఆట, టానర్ చివరిసారి బంతి అందించాల్సినది. సంగీతం నెమ్మదించింది, బొమ్మా నెమ్మదించింది. పోస్టర్లో ఉన్న క్షణమే, కానీ ఈసారి కెమెరా ముందువైపు ఉంది.

టానర్ గుంపులోంచి విడిపడి నడవడం మొదలుపెట్టాడు. గీత వైపు కాదు. అవతలి జట్టు బెంచీ వైపు. రెండడుగులు వేశాక ఓవెన్ చెయ్యి చాచి వాడి చెయ్యి పట్టుకున్నాడు, మెల్లిగా ఇటు తిప్పాడు. టానర్ తిరిగాడు. హెల్మెట్ కడ్డీల వెనక కళ్ళు నోరీన్ వైపే చూస్తున్నట్టున్నాయి, కానీ ఎవర్నీ చూడడం లేదు. నాలుగేళ్ళప్పుడు వాడికి జ్వరం వస్తే నిద్రలో లేచి వంటింట్లోకి వచ్చేవాడు. అప్పుడూ ఇవే కళ్ళు. ఆమె చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించేది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. వెనక వరసలో ఎవరో ఏడుస్తున్నారు. డారెల్ చెంపలు తడిసిపోయాయి. "చూశావా?" అన్నాడు ఆమె చెవిలో. "అన్నదమ్ముల్లాగ!"

నోరీన్ లేచింది. వరసలో నిలబడ్డవాళ్ళని తప్పించుకుంటూ బయటికి నడిచింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. అందరూ లేచి నిలబడితే టానర్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు, ముందుకి వంగి, తెర మీదనుంచి కన్ను తిప్పకుండా.

సినిమా అయ్యాక బయట షామియానా కింద తిండి పెట్టారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా చేసి తెచ్చిన బిస్కెట్లతో పొడుగాటి బల్ల నిండిపోయింది. ఓవెన్ రెండు పళ్ళేలు నింపుకుంటున్నాడు.

"ఒకటి మీ అమ్మకా?" అంది నోరీన్.

"లేదు మిసెస్ హ్యూడక్, ఇది నాది. అదీ నాదే."

"ఓవెన్, ఆ ఆఖరి ఆటప్పుడు వాడెటు పోతున్నాడు?"

వాడు నవ్వాడు. అందరికీ చెప్పి చెప్పి అలవాటైన నవ్వు. ఆమె నవ్వకపోయేసరికి వాడి నవ్వు కాస్త తగ్గింది.

"కొంచెం దిమ్మెక్కింది వాడికి. అంతే. ఎన్నో అంకెకి బంతి వదలాలో నేనే చెవిలో చెప్పా. చేతులకి అలవాటేగా, అవే చేసుకుపోయాయి."

"మర్నాడు తల దెబ్బలకి చేసే ఆ కంప్యూటర్ పరీక్ష పెట్టారు కదా. బాగానే ఉన్నాడన్నారుగా!"

"అది సీజన్‌కి ముందు ఆగస్టులో రాసిన దాంతో పోల్చి చూస్తారండీ. ఆగస్టులో ఎవరు సరిగ్గా రాస్తారు? గుర్తున్న మాటలు కూడా గుర్తులేవని నొక్కుతాం. అప్పుడు మొద్దులమైతే, దెబ్బ తగిలాక కూడా అంతే మొద్దులం. ఏమీ మారనట్టే కదా." బిస్కెట్ నోట్లో వేసుకున్నాడు. "ఆ కిటుకు టానర్ వాళ్ళ నాన్నే చెప్పారు. మీ ఇంటి వెనక మాంసం కాల్చిన రోజు. మీకు తెలుసనుకున్నా."

తిరిగి వస్తుంటే కారులో ముందు సీట్లో డారెల్ పాడుతున్నాడు. పిల్లలు వెనక తాత కారులో వస్తున్నారు.

"ఆగస్టు పరీక్ష సంగతి ఓవెన్ చెప్పాడు," అంది నోరీన్.

పాట ఆగింది. "అందరూ చేసేదే. మా రోజుల్లో అసలు పరీక్షే లేదు. నేను బాగా లేనూ?"

"నిన్న కారు తాళాలు ఎక్కడ పెట్టావో?"

"అది వయసు!"

"డారెల్, వాడు అవతలివాళ్ళ బెంచీ వైపు నడిచాడు."

"సినిమా వాళ్ళు ఎటు కత్తిరించి ఎటు అతికించారో!" అన్నాడు. గొంతు తగ్గించి, "ఇవాళ ఒక్కరోజు సంతోషంగా ఉండనివ్వు," అన్నాడు. అందులో కోపం లేదు. అడుక్కుంటున్నట్టు ఉంది. ఆమె కిటికీ అద్దం దించింది, మళ్ళీ ఎక్కించింది.

ఆదివారం పొద్దున్నే క్యాబేజీ ఆకుల్లో మాంసం, అన్నం పెట్టి చుట్టడానికి కూర్చుంది. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం కంటే చేతికి పని ఉంటే నయమనుకుంది. టానర్ దిగి వచ్చి, అడక్కుండానే ఎదురుగా కూర్చుని ఆకులు అందించసాగాడు. అది వాడి చిన్నప్పటి పని.

"ఫైనల్ అయ్యాక కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చావు, గుర్తుందా?" అంది ఆమె.

"ఆ. గెలిచాం అమ్మా అన్నాను. నువ్వు ఏడ్చావు."

"నేను ఏడిచింది తర్వాత, కెమెరా ముందు. కప్పు ఇచ్చేటప్పుడు. కంచె దగ్గర కెమెరా లేదు. ఆట ఎప్పుడు మొదలవుతుందమ్మా అనడిగావు నువ్వు. వేళాకోళం అనుకున్నా. నవ్వి నీ హెల్మెట్ మీద ముద్దు పెట్టుకున్నా."

టానర్ చేతిలో ఆకు చిరిగింది. చిరిగిన చోట ఇంకాస్త చించాడు.

"నాన్నకి చెప్పకు," అన్నాడు చివరికి. "తాతకి అసలే వద్దు."

"ఏది చెప్పొద్దు?"

"నిన్నే మొదటిసారి చూశాను ఆ మ్యాచ్." వాడు తలెత్తలేదు. "మూడో భాగం నుంచి ఏమీ గుర్తులేదు. బస్సులో అందరూ పాడుతుంటే ఎవరు గెలిచారని ఓవెన్‌ని అడిగానట. తర్వాత ఎవరడిగినా వాళ్ళు చెప్పిందే తిరిగి చెప్పేవాణ్ణి. సినిమా చూస్తే గుర్తొస్తుందనుకున్నా."

"వచ్చిందా?"

"లేదు. ఇంకెవడో నా చొక్కా వేసుకుని ఆడినట్టుంది."

ఆమె బల్ల చుట్టూ వచ్చి వాడి తల పట్టుకుంది. చేతులకి మాంసం అంటుకుని ఉందని కూడా చూసుకోలేదు. వాడు విడిపించుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"అందుకే ఈసారి ఆడాలమ్మా. ఊరందరికీ గుర్తుంది, నాకు తప్ప. మంగలాయనకి గుర్తుంది! నేను గెలిచింది నాకు గుర్తుండాలి. ఒక్కటి. ఒక్కటి చాలు. తర్వాత నువ్వు మానెయ్యమన్నా మానేస్తా."

"ఇప్పుడు తలనొప్పి వస్తుందా?"

వాడు చిరిగిన ఆకు ముక్కలు ఒకచోట పోగు చేశాడు. "ఎండలో ఉంటే. అంతే."

చర్చిలో ఫాదర్ ఏం చెప్పాడో ఆమె వినలేదు. మింగలేక, కక్కలేక కూర్చుంది. ఒక్కటి చాలు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. అది తిండి అడిగినంత న్యాయంగా అడిగాడు వాడు. చెబితే వాడు ఎన్నాళ్ళు మాట్లాడడో. చెప్పకపోతే రేపో ఎల్లుండో ఏ కుర్రాడి భుజం వచ్చి తగులుతుందో. ఓవెన్ చెయ్యి అందేంత దూరంలో ఉంటాడో ఉండడో. ప్రసంగం మధ్యలో లేచి, దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. కార్లు నిలిపిన చోట ఎండలో నిలబడి కోచ్‌కి ఫోన్ చేసింది.

కోచ్ అంతా విన్నాడు. "నోరీన్, సినిమా చూసి భయపడుతున్నావు నువ్వు," అన్నాడు మంచిగానే.

"సినిమా చూసే భయపడుతున్నా. ఆ రోజు మైదానంలో చూసి చప్పట్లు కొట్టా."

కోచ్ గొంతు మారింది.

"నువ్వు నోటితో చెప్పాక నేనిక వాణ్ణి మైదానంలోకి దింపలేను. పెద్ద డాక్టరు చూడాలి, నెలలు పట్టొచ్చు. సీజన్ పోయినట్టే. డారెల్‌కి తెలుసా?"

"తెలుస్తుంది."

మధ్యాహ్నం భోజనానికి అందరూ కూర్చున్నారు. ఆమె మాత్రం కూర్చోలేదు. రొట్టె తెచ్చింది, వెన్న తెచ్చింది, తెచ్చిన వెన్న పట్టుకెళ్ళి మళ్ళీ తెచ్చింది.

"కూర్చోవే తల్లీ, నీ వెంట చూసి నా మెడ పట్టేస్తోంది," అన్నాడు స్టాన్. "ఒరే టానర్, వరసగా రెండేళ్ళు గెలిచిన జట్టు ఈ నది ఒడ్డున లేదు, తెలుసా? ఈసారి కొడితే నీ బొమ్మ గోడకి కాదు, నీళ్ళ ట్యాంకుకి వేయిస్తా."

"తాతా, ఆ ట్యాంకు కారుతోంది," అంది కెల్సీ.

"తినేసి ఇంకోసారి చూద్దామా?" అన్నాడు డారెల్ టీవీ వైపు చూపిస్తూ. "ఆఖరి ఆట ఒక్కటే. మీ అమ్మ సగంలో లేచిపోయింది కదా."

టానర్ పళ్ళెంలోంచి తలెత్తి తల్లి వైపు చూశాడు. చిన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దని బతిమాలుతున్నట్టు.

నోరీన్ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. స్టాన్‌కి సరిగ్గా వినపడదు కాబట్టి అందరూ గట్టిగా మాట్లాడే ఇల్లు అది. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"టానర్ ఈ ఏడు ఆడడు," అంది. "కోచ్‌కి పొద్దున నేనే చెప్పేశాను. మంగళవారం వాణ్ణి పిట్స్‌బర్గ్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఎందుకని ఎవరైనా అడగాలనుకుంటే నన్నడగండి. వాణ్ణి అడగొద్దు."