పూలజడ వెనక అద్దం

తడిగుడ్డలో మల్లెమొగ్గలు.

ఇంకా విచ్చలేదు. అయినా వాసన తెనాలిలో పిన్ని ఇల్లంతా పాకేసింది.

ఆ వాసన కిందే, మీనాక్షి తలలో ఇంకో వాసన… కిరసనాయిలుది.

పేలన్నారు. చూసినవాళ్ళంతా పేలే అన్నారు!

రేపల్లెలో అమ్మ రాజరాజేశ్వరి పేలదువ్వెనతో గీరుకుపోయేలా దువ్వింది. పచ్చిపుండ్ల మీద కిరసనాయిలు పోసింది. పక్కింటావిడ తన పిల్లల్ని దూరం జరుపుకుంది. బాపట్ల డాక్టరుగారు పూతమందు రాసి, గోళ్ళు కత్తిరించమన్నారు. కత్తిరించారు.

గోళ్ళు పోతే వేళ్ళు పోతాయా?

వేళ్ళు వెళ్తాయి. చెవి వెనక్కి… అక్కణ్ణుంచి నడినెత్తికి. గరుగ్గా ఓ పక్కు తగులుతుంది. దాన్ని లేపేదాకా ప్రాణం నిలవదు. లేచాక ఒక్క క్షణం హాయి. ఆ వెంటనే వేలికి నెత్తురు, కడుపులో సిగ్గు.

మళ్ళీ వేళ్ళు.

"చెయ్యి దించు!" అని నాన్న అరుపు. అచ్యుతరామయ్య లెక్కల మాష్టారు. అరిస్తే ఏదైనా దారికొస్తుందని ఆయన నమ్మకం. చెయ్యి దిగేది. ఆయన వీధి మలుపు తిరగ్గానే మళ్ళీ ఎక్కేది.

చివరికి దేవుడికి మొక్కేశారు. సోమవారం గుండు.

పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లకి గుండు! ఆ పిల్లని ఒక్క మాట అడిగితే ఒట్టు.

పైగా జుట్టు పోయేలోపు ఓ పూలజడ, ఓ ఫొటో కావాలట. అందుకే తెనాలి ప్రయాణం. అందుకే ఈ మొగ్గలు. ఎంత ముచ్చటో!

రమణి పిన్ని జడ కుట్టడానికి పాయ తీసింది. సూది ఆగింది.

"ఎప్పుడెళ్తుందే చెయ్యి ఇక్కడికి?"

తల అందరూ చూశారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు.

"తెలీదు పిన్నీ… లెక్క తప్పితే. నాన్న చెప్పుల చప్పుడు వినపడితే. ఊరికే కూర్చున్నా సరే. వెళ్ళాకే తెలుస్తుంది."

"మొగ్గలు గుచ్చేటప్పుడు?"

మీనాక్షి ఆలోచించింది.

"అప్పుడు వెళ్ళదు పిన్నీ."

"మానాలనుకుంటే మానలేదూ!" అంది అమ్మ, పుండు మీద చేమంతి తురుముతూ.

స్టూడియోలో వీపు వెనక నిలువుటద్దం. పూలజడ ఫొటోలో పడాలంటే అంతే మరి. ఎదురుగా అమ్మ.

"నవ్వమ్మా, కదలకు" అన్నాడు ఫొటో అతను.

మీనాక్షి నవ్వింది. ముందు నవ్వు… వెనక అద్దంలో చెయ్యి. నెమ్మదిగా పైకెక్కింది. చేమంతిని పక్కకి నెట్టింది. వెతికింది. దొరికింది. ముఖం ఇంకా నవ్వుతూనే ఉంది.

అమ్మ అద్దంలోకి చూసింది. చేతి వెంట నెత్తురు చూసింది.

"మీనా!"

"పేలు లేవమ్మా! ఒక్కటంటే ఒక్కటి లేదు! నా చెయ్యేనమ్మా… నేను ఆపలేకపోతున్నా. గుండు చేస్తే చెయ్యి ఊడిపోతుందా?"

ఫొటో తీయలేదు.

రైల్లో అమ్మ మిగిలిన మొగ్గలు తడిగుడ్డలో చుట్టి కూతురి ఒళ్ళో పెట్టింది.

రేపల్లెలో గడప దాటగానే అంది. "గుండు వద్దండి."

ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం ఆ ఇల్లు ఎన్నడూ వినలేదు.

"ఏంటీ?" నాన్న లేచి నిలబడ్డాడు. "దేవుడికి మొక్కి—"

ఆ గొంతుకే మీనాక్షి చెయ్యి లేచింది. తడిగుడ్డలోంచి… భుజం దాకా… చెవి దాకా.

అక్కడ ఆగింది.

వేళ్ళ మధ్య ఓ మల్లెమొగ్గ. తడితడిగా. విచ్చీ విచ్చకుండా.