పేరు మారని థోరియం

దివాకరన్ మాష్ నల్లబల్ల మీద థోరియం అని రాసి, పైన 232, కింద 90 వేసి, బాణం గుర్తు గీసి, సుద్దముక్క బిన్సీ చేతికిచ్చాడు. కేరళ తీరాన చవర ఊళ్లోని ట్యుటోరియల్‌లో ముప్పై నాలుగేళ్లుగా మాష్‌గా, అంటే మాస్టారుగా, ఆయన పని ఇదే. చొక్కా కుడి జేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. వంగి వంగి రాయడంతో మెడ ఎడమవైపుకు వాలిపోయింది. ఆయన దగ్గర చదివినవాళ్లు నర్సులై గల్ఫ్ దాకా పోయారు. ఆయన మాత్రం సర్కారు ఉద్యోగ పరీక్ష ఏడుసార్లు తప్పి ఇక్కడే ఉండిపోయాడు. ఇవాళ్టితో అదీ సరి. ట్యుటోరియల్ మూతపడుతోంది. నాలుగున్నర బస్సుకు పాలక్కాడ్‌లోని అక్కగారింటికి ప్రయాణం.

మిగిలింది బిన్సీ ఒక్కతే. ఫిజిక్స్ తప్పింది, రేపే మళ్లీ పరీక్ష. గట్టెక్కితే నర్సింగు, లేకపోతే పిన్నితో కలిసి రొయ్యలు ఒలిచే షెడ్డు.

బిన్సీ ఆల్ఫా కణాన్ని చక్కగా విడదీసింది. పైన నాలుగు తగ్గించి 228, కింద రెండు తగ్గించి 88 వేసింది. పక్కన మళ్లీ థోరియం అనే రాసింది.

"మళ్లీ అదేనా! కింది అంకె మారితే మూలకమే మారుతుందని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఎనభై ఎనిమిది ఎవరు?"

"రేడియం. తెలుసు మాష్, చెయ్యే రాదు. మా నాన్న ఇక్కడి ఇసుక కంపెనీలో ఇరవై ఏళ్లుగా థోరియం ఉన్న ఈ నల్ల ఇసుకే ఎత్తుతున్నాడు. పొద్దున థోరియమే, సాయంత్రం థోరియమే. రేడియం అయిపోయిందంటే పడీ పడీ నవ్వుతాడు."

మాష్‌కు కోపం రావాలి, రాలేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ ఆయన లెక్కను ఊరి ఇసుకతో సరిచూడలేదు. పిల్లల కాళ్లతో వచ్చి బెంచీ కింద చేరిన ఇసుకను చిటికెడు తీసి ఆమె అరచేతిలో వేశాడు.

"మీ నాన్న అన్నదీ నిజమే. ఇందులో సగం మారడానికే పద్నాలుగు వందల కోట్ల ఏళ్లు పడుతుంది. కానీ మనం మాట్లాడుతుండగానే ఇందులో ఏ ఒకటో రెండో పరమాణువులు మారిపోయి ఉంటాయి. నువ్వు రాసేది గంపెడు ఇసుక గురించి కాదే పిచ్చిదానా, మారిన ఆ ఒక్కదాని గురించి."

బిన్సీ అరచేతిని చాలాసేపు చూసింది.

"ఒక్కదాని గురించేనా? ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మాష్! ఏడాది పోయింది."

"నువ్వు ముందే అడగొచ్చుగా!"

ఇద్దరూ నవ్వేశారు. ఆయన రేడియం 224 ఇచ్చి, మూడు ఆల్ఫాలు వరసగా పోనిమ్మన్నాడు. ఆమె బెంచీ మీద కూర్చుని నోటుపుస్తకంలో రాసింది. 88 రేడియం 86 రేడాన్ అయింది, రేడాన్ 84 పొలోనియం అయింది, పొలోనియం 82 సీసం అయింది. ఒక్కచోటా చెయ్యి ఆగలేదు. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆయన పెదవులు కదుపుతూ అటూ ఇటూ అంకెలు కూడుకున్నాడు. కడుపు నిండినట్టయింది ఆయనకు.

"రేపు ఇలాగే రాయి. వెళ్లొస్తానమ్మా."

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి బస్టాండు వైపు నడిచాడు. బిన్సీ మలుపు దాకా చూసి లోపలికొచ్చింది. దిద్దేటప్పుడు ఆయన చేతిలో ఎప్పుడూ ఉండే ఎర్ర కలం నోటుపుస్తకం పక్కనే ఉంది, మూత కూడా తీయకుండా.