కోటిలింగం ఊపిరి ఆపిన వేళ

నేను ఒక సీటీ స్కాన్ యంత్రాన్ని. చూడ్డానికి పెద్ద గారెలా ఉంటాను, నడుమ చిల్లుతో సహా. మనిషిని బల్లమీద పడుకోబెట్టి ఆ చిల్లులోకి తోస్తే, కత్తి పెట్టకుండానే గుండె గుట్టు లాగుతాను. పుట్టింది జర్మనీలో. పెరిగింది హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో. నాకన్నా పడుచు యంత్రం రాగానే వాళ్ళు నన్ను తణుకులోని స్కానింగు సెంటరుకు అమ్మేశారు. ఇక్కడివాళ్ళు దసరాకి నాకు బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టారు. లోకం లోపలంతా చూసే నాకే దిష్టి తగులుతుందట!

ఒక మాఘమాసంలో సన్నాయి కోటిలింగం వచ్చాడు. మెట్లెక్కితే రొమ్ము పట్టేసేది. గ్యాసని సరిపెట్టుకుని, వాము నములుతూ పెళ్ళిళ్ళన్నీ లాగించాడు. చివరికి ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టేవేళ, గట్టిమేళంలో సన్నాయి తెగింది. డోలు ఒక్కటే మోగింది. ఆ డోలు వాయించిన బావమరిది భద్రయ్యే అతన్ని ఇక్కడికి పట్టుకొచ్చాడు. అక్కడ వాద్యం, ఇక్కడ వైద్యం.

"అమ్మా, లోపల ఏవున్నా పర్లేదు గానీ, సన్నాయి మానెయ్యమంటారా?" నన్ను నడిపే సువార్తను అడిగాడు కోటిలింగం. చావు సంగతి అడగలేదు.

"ముందు బొమ్మ రానివ్వండి బాబాయిగారూ. నేను చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టండి. రొమ్ము కదిలితే బొమ్మ చెదిరిపోద్ది."

"ఊపిరి సంగతి నాకా చెప్తున్నావు తల్లీ!"

గుండె నెమ్మదించడానికి మాత్ర వేశారు. నరంలోకి మందు ఎక్కించేముందు తీసే బొమ్మ తీశాను. చెరిపేసిన ముగ్గులా వచ్చింది. మళ్ళీ తీశాను. మళ్ళీ అంతే. సువార్తకి నా వయసుమీద అనుమానం వచ్చింది. నాకూ వచ్చింది. చూడబోతే అతని పెదవులు బిగిసే ఉన్నాయి, బుగ్గలు బూరెల్లా పొంగే ఉన్నాయి.

అద్దం అవతల, సువార్త పక్కనున్న భద్రయ్య నెత్తి కొట్టుకుని మైకులో అరిచాడు. "ఓర్నాయనో! బావా, గాలి బుగ్గల్లో దాచి ముక్కుతో పీలుస్తున్నావా? ఇది పెళ్ళి కాదెహె!"

సన్నాయివాళ్ళ విద్యే అది. బుగ్గల్లోని గాలి ఊదుతూనే ముక్కుతో కొత్తగాలి తీస్తారు, పాట తెగకుండా. ఊపిరి బిగబట్టడమంటే చిన్నప్పటినుంచీ అతనికి తెలిసింది అదే. తాళం తెలిసినవాడు, పాపం, నాళం సంగతి ఎరగడు.

"నిజంగా ఆపేస్తే పాటేమైపోద్దిరా?" అడిగాడు కోటిలింగం.

"డోలు మోగుద్ది. నేనున్నాగా. ఆపు బావా."

ఆపాడు. ఎన్నో గుండెల్ని చూశాను గానీ, అంత నమ్మకంతో ఆగిన రొమ్మును చూడలేదు. నరంలోకి ఎక్కించిన మందు పాకి నాళాలన్నీ వెలిగాయి. గుండె ముందువైపు దిగే పెద్దనాళం ఒకచోట సన్నాయి పీకంత సన్నబడిపోయింది.

డాక్టరు బొమ్మ చూసి, "ఇంకో ముహూర్తం దాకా ఆగితే దక్కేవాడివి కాదు" అన్నాడు. స్టెంటు వేయించుకోమన్నాడు. సన్నాయి మాటెత్తితే, "ముందు నువ్వుండు, తర్వాత అది" అన్నాడు. కోటిలింగం తలొంచుకుని వెళ్ళాడు. అతని కబురు మళ్ళీ నాకు తెలియలేదు.

కొన్నాళ్ళకి నా లోపలి ఎక్స్‌రే గొట్టమూ పోయింది. నాకు స్టెంటు వేసేవాడెవడు? తుక్కుకింద లారీ ఎక్కించారు. బజారులో పెళ్ళి ఊరేగింపు అడ్డమొచ్చి లారీ ఆగింది. ముందు డోలు. దాని పక్కన సన్నాయి, ఒకే స్వరం పట్టుకుని, వదలదే!

డ్రైవరు హారను మీదనుంచి చెయ్యి తీసేశాడు. "ఎహె, ఈయన ఊపిరి తీసుకోడేంటి?"

తీసుకుంటాడు నాయనా. ముక్కుతో.