మైదా బంక

నాకు పెళ్లై ఇరవై రోజులు. బ్రూస్‌పేటలో ఈ ఇంటి పొద్దులన్నీ నాకు ఇష్టమే. మా ఆయన నెహెమ్యా ఆఫీసుకు పోతూ గేటు దాటాక కూడా వెనక్కి తిరిగి చూస్తాడు. మామయ్య కాఫీ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగుతారు. ఆ మామయ్యే జ్ఞానశేఖర్ గారు, దీనమ్మ ఆత్మకథను సవరించి అచ్చుకిచ్చిన పండితుడు. ఊరూరా తిరిగి దేవుని వాక్యం చెప్పిన దీనమ్మ జీవితాన్ని మేం డిగ్రీలో పాఠంగా చదువుకున్నాం. ఆమె రాసిన నోటుబుక్కులు మా అత్తింటి బీరువాలోనే ఉన్నాయని తెలిసినప్పుడు ఎగిరి గంతేశాను.

శనివారం ఉదయం భీమక్క అనే ఆమె సిరుగుప్ప నుంచి వచ్చింది. అరవై దాటిన మనిషి. నేనిచ్చిన మజ్జిగ ముట్టలేదు.

“సారూ, నేను దీనమ్మ కూతుర్ని. పెండ్లి కాకముందు పుట్టినదాన్ని. నన్ను సాకినామె మొన్న పోతా పోతా చెప్పింది. మాయమ్మ నా గురించి రాసిందంట. బుక్కులో యాడా లేదే?”

మామయ్య సాసరు కింద పెట్టారు. “రాసిందమ్మా. చర్చి సంఘపోళ్లు వద్దనిరి. నేనే తీసేస్తి.”

“తీసేస్తివా?”

“చింపలేదు, కొట్టెయ్యలేదు. పైన కాగితం అంటిస్తి, అంతే. తడిపితే ఊడొస్తాది.”

ఆమె ముఖం వెలిగింది. నేనే సంతోషంగా పరుగెత్తి నీళ్లు, దూది తెచ్చాను.

నోటుబుక్కు తెరిచాం. దీనమ్మ గుండ్రటి రాత చెక్కుచెదరలేదు. అంటించిన చోట మాత్రం జల్లెడలా ఉంది. మామయ్య అప్పట్లో మైదా ఉడికించి బంక చేసుకునేవారట. పురుగులు ఆ మైదా కోసం వచ్చి, పై కాగితంతో పాటు కింది నాలుగు వరుసలూ తినేశాయి. దూది ఆనించగానే మిగిలింది కూడా పొడిపొడిగా రాలింది.

“పోనీ, నువ్వు చదివింటావు కదప్పా. ఏం రాసిందో చెప్పు.”

మామయ్య రాలిన పొడిని అరచేత్తో ఒకచోటికి చేర్చారు. “ముప్పై ఏండ్లాయె. మాటలు గ్యాపకం లేవు.”

“నా పేరు రాసిందా?”

“రాసే ఉంటాది...”

“ఉంటాదంట! సుమ్మనుండు సారూ, ఊరుకో. నన్ను సంతోషపెట్టేకి కొత్తగా రాయొద్దు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆమెకి పిల్లల్లేరని ముందుమాటలో రాసినావే, ఆ మాటన్నా తీసెయ్యి.”

“సంఘపోళ్లు రుజువు చూపించమంటారు భీమక్కా. నేను యాడ తెచ్చేది?”

ఆమె లేచి చెప్పులేసుకుంది. సిరుగుప్పకు మళ్లీ బస్సు ఎన్నింటికని నన్ను అడిగింది. నాకు తెలియదు.