నమూనా ఇంట్లో మంచం

డిజైనర్ మేడమ్ ఇచ్చిన కాగితంలో మంచం పొడవు అయిదడుగుల రెండంగుళాలని ఉంది. పొరపాటున అలా పడిందనుకుని వడ్రంగి చెవి మీది పెన్సిల్ తీసి, ఆ అంకె కొట్టేసి, పక్కన ఆరుంబావు అడుగులని వేశాడు. ముప్ఫయ్యేళ్లుగా మంచాలు చేస్తున్నాడు. ఆరుంబావుకి తక్కువ ఎప్పుడూ కొయ్యలేదు.

మేడమ్ ఆ దిద్దుబాటు చూసి విసుక్కుంది. "మేస్త్రీ, లెక్కలు నాకొదిలేయండి. కాగితంలో ఉన్నట్టు కోస్తే చాలు."

"పిల్లల గదికాండీ?"

"కాదు. పెద్ద పడగ్గదికే."

"మరి అందులో మనిషెలా పడుకుంటాడండీ?"

"ఎవరూ పడుకోరు. చూసి వెళతారు, అంతే."

ఊరు పెరిగి పెరిగి పెద్ద రోడ్డు దాటి అవతలికి పాకింది. అక్కడ పద్దెనిమిది అంతస్తుల అపార్టుమెంట్లు నాలుగు రాబోతున్నాయి. ప్రస్తుతానికి ఉన్నదల్లా చెరువంత గొయ్యి, దాని చుట్టూ రేకుల కంచె, కంచె పొడుగునా నవ్వుతున్న మొగుడూ పెళ్లాల బొమ్మలు. గేటు పక్కన మాత్రం ఒక్క ఫ్లాటు నేల మీదే కట్టి పెట్టారు. రేపు పైన రాబోయే ఇళ్లన్నీ అచ్చం ఇలాగే ఉంటాయని జనానికి చూపించడానికి. దాన్ని నమూనా ఇల్లు అంటున్నారు. అందులోని సామానంతా చేసే పని వడ్రంగికి వచ్చింది.

బీరువా లోతు రెండడుగులు ఉండాల్సింది పద్నాలుగు అంగుళాలే రాశారు. చొక్కా హ్యాంగరుకి తగిలిస్తే తలుపు మూతపడదు. భోజనాల బల్ల దగ్గర కుర్చీల్లో ఒళ్లు కుదించుకుని కూర్చోవాలి. గదులకు ద్వారబంధాలున్నాయి గాని తలుపుల్లేవు. తలుపంటూ ఉంటే అది తెరుచుకోవడానికి చోటు కావాలి కదా! మూడో రోజుకి వడ్రంగికి కిటుకు అర్థమైంది. సామాను తగ్గిస్తే గది పెరుగుతుంది.

"బొమ్మల పెళ్లికి సామాను చేస్తున్నట్టుందయ్యా," అన్నాడు పాలిష్ వేసే ముసలాయన.

వడ్రంగికి ఒళ్లు మండింది. ఇంటికెళ్లి భార్యతో అన్నాడు. "మనకెందుకండీ? చెప్పినట్టు చేసి రండి. ఎవరో కొనుక్కుంటారు, వాళ్ల తిప్పలేవో వాళ్లు పడతారు," అందామె. ఏడాది పొడుగునా పని చూపించేది ఆ మేడమే. వడ్రంగి నోరు కుట్టేసుకుని, ఆ మంటతోనే మంచం పూర్తి చేశాడు. నిజం చెప్పాలంటే చాలా బాగా చేశాడు. తలవైపు పలక నునుపు చూసి మేడమ్ కూడా మెచ్చుకుంది.

ఇది జరిగిన నాలుగు నెలలకి చెల్లెలు ఫోన్ చేసింది. ఆమె ఒక స్కూల్లో క్లర్కు. భర్త బస్సు డ్రైవరు, ఆరడుగుల రెండంగుళాల మనిషి. డిపోలో అందరూ అతన్ని 'నిచ్చెన' అంటారు. అత్తగారితో కలిపి ముగ్గురూ పన్నెండేళ్లుగా రెండు గదుల అద్దె ఇంట్లో, పై వాటా నుంచి ఇంటావిడ పెట్టే ఆంక్షల కింద కాపురం చేస్తున్నారు. కుళాయి ఎంతసేపు తిప్పాలో కూడా ఆవిడే చెప్తుంది.

"అన్నయ్యా, ఇల్లు దొరికింది!" చెల్లెలు ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తోంది. "ఎంత విశాలంగా ఉందో! పడగ్గదిలో అంత మంచం వేశాక కూడా నేను చుట్టూ తిరిగొచ్చాను తెలుసా? కిటికీ దగ్గర మా అత్తయ్యకి కుర్చీ కూడా పడుతుంది."

"ఎక్కడ?"

ఎక్కడో చెప్పింది. వడ్రంగి సామాను చేసిన నమూనా ఇల్లే అది.

"ఆ మంచం చేసింది నేనేనే," అన్నాడు.

"నిజంగానా! చెప్పవేం మరి! ఎంత బాగుందో..."

"అది పొట్టి మంచం. బావగారు పడుకుంటే పిక్కల దాకా బయట వేలాడతాయి. బీరువా కూడా ఉత్తదే. గది చిన్నది తల్లీ, మీ చెవిలో పువ్వు పెట్టారు."

అవతల చెల్లెలి గొంతు మారింది.

"నువ్వెప్పుడూ ఇంతే అన్నయ్యా. నేనేం చేసినా ఏదో వంక పెడతావు. స్వయంగా కళ్లతో చూశానంటుంటే!"

"చూడ్డానికే చేయించారే దాన్ని!"

"ఆదివారం సంతకాలు. మనస్ఫూర్తిగా వస్తే రా, లేకపోతే మానెయ్," అని పెట్టేసింది.

ఆదివారం పొద్దున్న పదింటికల్లా వడ్రంగి టేపు జేబులో వేసుకుని వెళ్లాడు. నమూనా ఇల్లు కిటకిటలాడుతోంది. చల్లటి గాలి, సన్నటి సంగీతం, ట్రేలో కాఫీలు. పడగ్గదిలో మంచం చుట్టూ పట్టుతాడు కట్టి, దయచేసి కూర్చోవద్దు అని అట్ట తగిలించారు. చెల్లెలూ, బావగారూ, ఆయన తల్లీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. చెల్లెలు అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

వడ్రంగి తాడు దాటి లోపలికి వెళ్లాడు.

"బావగారూ, ఒక్కసారి ఇలా వచ్చి పడుకోండి."

"ఇక్కడా?" నిచ్చెన నలుగురి వంకా చూసి నీళ్లు నమిలాడు. "బాగోదు బావగారూ."

"పడుకోరా," అంది తల్లి. "కొనే ముందు పడుకోకపోతే కొన్నాక ఏడవాలి."

నిచ్చెన చెప్పులు విడిచి, తాడు దాటి, సిగ్గుపడుతూ వాలాడు. తల పలకకి ఆనింది. కాళ్లు మంచం దాటి పిక్కల దాకా గాల్లోకి వచ్చాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అమ్మకాల ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చాడు. "సార్, సార్, దిగండి సార్! అది డిస్‌ప్లే కోసం పెట్టింది!"

"పడగ్గది అని రాసి పెట్టారుగా, పడుకున్నాడు. తప్పా?" వడ్రంగి గొంతు హాలు దాకా వినిపించింది. టేపు లాగి గోడ నుంచి గోడకి పట్టాడు. "చూడండమ్మా, గది తొమ్మిదిన్నర అడుగులు. మనిషి పట్టే మంచం ఆరుంబావు. బట్టలు పట్టే బీరువా రెండడుగులు. రెంటికీ మధ్య ఎంత మిగులుతుంది? అడుగు మూడంగుళాలు! బీరువా తలుపు తెరుచుకోదు. అసలు గది తలుపేదీ? ఒక్క గదికైనా తలుపుందా ఇక్కడ?"

జనం ద్వారబంధాల వైపు చూశారు. ఎవరో ఒకాయన తన కోటు విప్పి బీరువాలో తగిలించి తలుపు మూయబోయాడు. పడలేదు.

"సామాను ఊహాచిత్రం మాత్రమేనని మీకిచ్చిన కాగితం కింద రాసే ఉంది," అన్నాడు ఇన్‌చార్జి.

నిచ్చెన తల్లి ఆ కాగితాన్ని కళ్లజోడుకి ఆనించుకుని వెతికింది. "ఎక్కడ నాయనా? ఓహో, ఇదా! అక్షరాలు కూడా మంచం కొలతకే రాయించారన్నమాట!"

ఇన్‌చార్జి మొహం కందగడ్డలా అయింది. వడ్రంగి వైపు తిరిగాడు. "అసలు నువ్వెవడివయ్యా?"

"ఈ మంచం చేసినవాణ్ణి."

అంతదాకా వెనక నిలబడ్డ ఒకామె ముందుకొచ్చింది. ఆసుపత్రి డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, నర్సు దుస్తుల్లోనే ఉంది.

"మీరే చేశారా?"

"అవునండీ."

"ఎందుకోసమో తెలిసే చేశారా?"

"తెలిసే చేశాను."

"నేను మూడు నెలల కిందట సంతకం పెట్టాను. ఇవాళ కిటికీల కొలత కోసం వచ్చాను, కర్టెన్లు కుట్టించుకుందామని." ఆమె వడ్రంగి ముందుకి ఇంకో అడుగు వేసింది. "ఇప్పుడు ఇంత గట్టిగా అరుస్తున్నారే, ఈ నోరు అప్పుడేమైంది? మీ చెల్లెలు కాబట్టి పరుగెత్తుకొచ్చారు. నాకు అన్నయ్య లేడు."

వడ్రంగికి ఇన్‌చార్జి మీద, మేడమ్ మీద పొద్దుట్నుంచీ ఉడికిన కోపమంతా ఒక్కసారి వెనక్కి తిరిగి తన మీదే పడింది. టేపు ముడుచుకుని జేబులో పెట్టుకుని గేటు వైపు నడిచాడు.

గేటు బయటికి వచ్చాక చెల్లెలు అంది: "ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నాలుగు నెలలు అన్నయ్యా! ఎంతమంది సంతకాలు పెట్టి ఉంటారు?" ఆమె చేతిలోని దరఖాస్తు అప్పటికే రెండు ముక్కలై ఉంది.

వెనకే నర్సు వచ్చింది. "అక్కడ అన్నదంతా కాగితం మీద రాసివ్వండి, అంగుళాలతో సహా," అంది. అడగలేదు, ఆజ్ఞాపించింది.

వడ్రంగికి అంకెలూ, సంతకమూ తప్ప ఇంకేమీ రాయడం రాదు. కంచె పక్కన ఆపి ఉన్న ఒక స్కూటర్ సీటు మీద కాగితం పెట్టుకుని చెల్లెలే రాసింది.

"మేడమ్ చేయమంటే చేశానని రాయి," అన్నాడు.

"చేశాను అని రాస్తున్నాను. చేయమన్నదెవరో తర్వాతి వాక్యంలో వస్తుంది."

ఆమె రాసింది రాసినట్టు చదివి వినిపించింది. సంతకం పెట్టాడు.

నర్సు ఆ కాగితం పట్టుకుని, తనతో పాటు సంతకాలు చేసినవాళ్లని పద్దెనిమిది మందిని పోగేసింది. వినియోగదారుల ఫిర్యాదులు వినే ఆఫీసులో రెండు నెలల తర్వాత విచారణ జరిగింది. కంపెనీ లాయరు వడ్రంగిని చూపించి, పని ఇవ్వడం మానేశారన్న కక్షతో వచ్చాడని అన్నాడు. పని ఇవ్వడం మానేసిన మాట నిజమే. ఆ ఆదివారం తర్వాత మేడమ్ ఫోనెత్తలేదు. ఆమెకి తెలిసిన మరో ముగ్గురు డిజైనర్లూ ఎత్తలేదు.

"మీకు తప్పని తెలిసినప్పుడు ఎందుకు చేశారు?" అని అడిగాడు అధికారి.

"పని పోతుందని భయపడ్డానండీ. ఇప్పుడు ఎలాగూ పోయింది. అప్పుడే పోయి ఉంటే ఈ పంతొమ్మిది మంది ఇక్కడికి రావాల్సిన పని ఉండేది కాదు."

నర్సు అతని వంక చూసింది, అంతే. క్షమించినట్టేమీ కనబడలేదు. అతనూ ఆశించలేదు.

వద్దనుకున్నవాళ్లకు కట్టింది వెనక్కి ఇవ్వాలని, నమూనా ఇంట్లో ప్రతి వస్తువు మీదా అసలు కొలత రాసిపెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఫిర్యాదు చేసిన పంతొమ్మిది మందికే వాపసు వర్తిస్తుందట. నర్సుతో సహా పదకొండుమంది బయటపడ్డారు. మిగతావాళ్లు ఉండిపోయారు. కంపెనీ కొలతలు రాసిపెట్టింది, మంచం కింద, నేలకి జానెడెత్తున.

అది విన్న ఆదివారం నుంచీ వడ్రంగి గేటుకి ఎదురుగా రోడ్డు మీద నిలబడటం మొదలుపెట్టాడు. రోడ్డు కంపెనీది కాదు కాబట్టి కాపలావాళ్లు తరమలేకపోయారు, తిట్టి ఊరుకున్నారు. చెల్లెలు కొలతలన్నీ కాపీలు తీయించి ఇచ్చింది. ఆమె కోపం పూర్తిగా పోలేదు, అయినా ప్రతి ఆదివారం వచ్చి అరగంట పక్కన నిలబడుతోంది. వచ్చేపోయేవాళ్లలో కొందరు కాగితం తీసుకుని వెనుదిరిగారు. కొందరు పిచ్చివాడనుకున్నారు.

ఒకరోజు ఒక జంట ఆగింది. ఆమెకి నెలలు నిండుతున్నాయి. భర్త కాగితం అంతా ఓపిగ్గా చదివి మడిచి వడ్రంగికే తిరిగిచ్చాడు.

"తెలుసండీ. మొన్న టేపు తెచ్చుకుని కొలుచుకున్నాం కూడా."

"మరి తెలిసి తెలిసి వెళుతున్నారేంటండీ!" వడ్రంగి దాదాపు అరిచాడు.

"ఈ ఊళ్లో మాకు అందేవి ఎనిమిది చూశాం. అన్నింట్లోనూ ఇంతే ఉంది గది. అద్దె ఇల్లు చూస్తే ఏడాదికొకటి ఖాళీ చేయమంటున్నారు." అతను మర్యాదగానే అన్నాడు, కాని మాట పుల్ల విరిచినట్టుంది. "ఎక్కడికెళ్లమంటారో మీరే చెప్పండి, వెళతాం."

వడ్రంగి నోరు తెరిచాడు. ఏ ఊరి పేరూ, ఏ వీధి పేరూ నోటికి రాలేదు. వాళ్లు గేటు దాటి లోపలికి వెళ్లిపోయారు. గొయ్యిలో యంత్రాలు మోగుతున్నాయి. ఇంకో కుటుంబం ఆటో దిగుతోంది. వాళ్లకి ఏం చెప్పాలో తెలియకపోయినా, పళ్లు బిగపట్టి, చేతిలో కాగితాలు పట్టుకుని అటు నడిచాడు.